పాప్ సంగీతంలో ఎవరు పెద్ద? చార్టులది ఒక లెక్క, అమ్మకాలది ఒక లెక్క

సంక్షిప్తంగా: చార్టులో స్థానం ఒక వారంలో ఎవరు ఎవరికన్నా ముందున్నారో చెబుతుంది. అమ్మకాల మొత్తం ఏళ్ల తరబడి పోగైన ఆదరణను చెబుతుంది. ప్లాటినం వంటి ధ్రువపత్రాలు ఒక్కో దేశంలో ఒక్కో ప్రమాణంతో వస్తాయి; అమెరికాలో అయితే రికార్డు కంపెనీ అడిగితేనే వస్తాయి. స్ట్రీమింగ్ వచ్చాక ఈ మూడు కొలతలూ మారాయి. నిబంధన తెలియకుండా ఒక కాలపు అంకెను మరో కాలపు అంకె పక్కన పెడితే పోలిక తప్పుదారి పడుతుంది.

2025 అక్టోబరులో అమెరికన్ గాయని టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ 'ది లైఫ్ ఆఫ్ ఎ షోగర్ల్' విడుదలైన మొదటి వారంలోనే అమెరికాలో 40 లక్షల యూనిట్లు దాటింది. అమ్మకాలను యంత్రాల ద్వారా లెక్కించడం మొదలైన 1991 నుంచి ఏ ఆల్బమ్‌కూ ఒక్క వారంలో ఇంత పెద్ద అంకె రాలేదు. అంతకుముందు ఆ ఘనత బ్రిటిష్ గాయని అడెల్‌ది. 2015 నవంబరులో వచ్చిన ఆమె ఆల్బమ్ '25' మొదటి వారంలో 33.78 లక్షల ప్రతులు అమ్ముడైంది.

కొత్త రికార్డు వార్తతో పాటే పాత వాదన కూడా లేచింది. స్విఫ్ట్ 1960ల బ్రిటిష్ బృందం బీటిల్స్‌ను దాటిందా? మైకేల్ జాక్సన్ సంగతేమిటి? ఏ పక్షం అభిమానులను కదిపినా చేతిలో ఒక అంకె సిద్ధంగా ఉంటుంది, అందులో ఎక్కువ అంకెలు నిజమైనవే. చిక్కల్లా అవి కొలిచిన వస్తువులు వేరు కావడం.

స్విఫ్ట్, అడెల్ అంకెలనే తీసుకుంటే విషయం తెలుస్తుంది. స్విఫ్ట్ 40 లక్షల యూనిట్లలో నేరుగా కొన్న ప్రతులు 34.8 లక్షల దాకా ఉన్నాయి. మిగిలినవి స్ట్రీమింగ్‌ను ఆల్బమ్‌లుగా మార్చగా వచ్చినవి. అడెల్ తన ఆల్బమ్‌ను మొదటి నెలల్లో స్ట్రీమింగ్ వేదికలకు ఇవ్వనే లేదు. వినాలంటే కొనాల్సిందే. స్విఫ్ట్ ఆల్బమ్ సీడీలు, వినైల్ రికార్డులు, డిజిటల్ ప్రతులు అన్నీ కలిపి ముప్పైకి పైగా రూపాల్లో వచ్చింది. ఒకే అభిమాని నాలుగు రకాలు కొంటే లెక్కలో నాలుగు అమ్మకాలు పడతాయి. అమ్ముడైన ప్రతులను చూస్తే స్విఫ్ట్ ముందుంది. కొన్న మనుషుల సంఖ్యలో ఎవరు ముందున్నారో ఈ లెక్క చెప్పదు. పదేళ్ల తేడాతో, ఒకే దేశంలో వచ్చిన రెండు ఆల్బమ్‌ల మధ్యే ఇంత తేడా ఉంటే, అరవై ఏళ్ల దూరాన ఉన్న వాటి సంగతి చెప్పనక్కరలేదు.

చార్టు కొలిచేది వేగాన్ని

అమెరికాలో పాటలకు ప్రామాణికంగా భావించే, బిల్‌బోర్డ్ పత్రిక ప్రకటించే హాట్ 100 చార్టు 1958 ఆగస్టులో మొదలైంది. ఆల్బమ్‌లకు బిల్‌బోర్డ్ 200 ఉంది. రెండూ వారం వారం వచ్చే ర్యాంకుల జాబితాలే. తరగతిలో మొదటి ర్యాంకు ఎన్ని మార్కులకు వచ్చిందో ర్యాంకును చూసి చెప్పలేనట్టే, నంబర్ వన్ అయిన ఆల్బమ్ ఎన్ని ప్రతులు అమ్ముడైందో స్థానాన్ని చూసి చెప్పలేం. పోటీ తక్కువగా ఉన్న వారంలో కొద్ది అమ్మకాలతోనే అగ్రస్థానం దక్కవచ్చు. గట్టి పోటీ ఉన్నప్పుడు భారీ అమ్మకాలు కూడా రెండో స్థానంతో సరిపెట్టుకోవాలి. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందం సింగిల్స్ (ఆల్బమ్‌తో పని లేకుండా విడిగా అమ్మే పాటలు) అయిదు హాట్ 100లో రెండో స్థానం దాకా వెళ్లి ఆగిపోయాయి, మొదటి స్థానం ఒక్కసారీ దక్కలేదు.

వేగానికీ మొత్తానికీ ఉన్న తేడాను పింక్ ఫ్లాయిడ్ 1973 ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' అందరికన్నా స్పష్టంగా చూపిస్తుంది. అమెరికా చార్టులో అది అగ్రస్థానంలో ఉన్నది ఒకే ఒక్క వారం. కానీ 1973 నుంచి 1988 దాకా చార్టులో గడిపిన వారాలు 741. నంబర్ వన్ వారాలను మాత్రమే లెక్కపెట్టే పట్టికలో ఈ ఆల్బమ్ ఎక్కడో అడుగున కనిపిస్తుంది. ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్' అమెరికాలో నాలుగో స్థానం దాటలేదు. 2019 నాటికే దానికి 25 రెట్ల ప్లాటినం ధ్రువీకరణ, అంటే 2.5 కోట్ల యూనిట్లు, ఉంది. బాబ్ మార్లీ పాటల సంకలనం 'లెజెండ్' 1984లో 54వ స్థానం దగ్గరే ఆగింది. మొదటి పదిలోకి రావడానికి దానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది, ఆ లోపే కోటికి పైగా ప్రతులు అమ్ముడైంది. ఏటా కొత్త శ్రోతలు కొనే ఆల్బమ్‌లు ఏ వారంలోనూ పెద్దగా కనిపించవు.

రెండు కొలతలకూ నిలిచిన ఆల్బమ్‌లు అరుదు. 1982 నవంబరు చివర్లో విడుదలైన మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' అలాంటిది. 37 వారాలు అగ్రస్థానం, మొదటి పదిలో ఏడు సింగిల్స్, ఆపైన దశాబ్దాల తరబడి ఆగని అమ్మకాలు. దాని పేరు ప్రతి చర్చలోనూ రావడానికి అభిమానం ఒక్కటే కారణమని అనలేం.

చార్టుకెక్కని హిట్లు

పాతకాలపు చార్టు విజయాలను లెక్కపెట్టేవారు తరచుగా మరచిపోయే నిబంధన ఒకటుంది. 1998 డిసెంబరు దాకా హాట్ 100లో చోటు దక్కాలంటే పాట విడిగా సింగిల్‌గా దుకాణంలో దొరకాలి. రేడియోలో రోజంతా మోగినా, సింగిల్ లేకపోతే చార్టులో లేనట్టే. లెడ్ జెప్లిన్ 1971 పాట 'స్టెయిర్‌వే టు హెవెన్' అమెరికాలో సింగిల్‌గా అమ్మకానికి రాలేదు. అందుకే హాట్ 100 చరిత్రలో దాని పేరు లేదు. ఆ బృందానికి హాట్ 100లో నంబర్ వన్ పాట ఒక్కటీ లేదు, కానీ అమెరికాలో దాని ఆల్బమ్‌లకు 11 కోట్లకు పైగా యూనిట్ల ధ్రువీకరణ ఉంది. హాట్ 100ను మాత్రమే చూసేవారికి అది ఒక మామూలు బృందంగా కనిపిస్తుంది.

1990లలో ఇది వ్యాపార ఎత్తుగడగా మారింది. పాట కావాలంటే రెండు మూడు డాలర్ల సింగిల్‌తో సరిపెట్టుకోకుండా సీడీ మొత్తం కొనేలా చేయడానికి కంపెనీలు పెద్ద హిట్లను సింగిల్స్‌గా విడుదల చేయడం మానేశాయి. నో డౌట్ బృందం పాట 'డోంట్ స్పీక్' రేడియో ప్రసారాల చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉంది. అదే సమయంలో హాట్ 100లో దాని జాడ లేదు. మరియా కేరీ 1994లో పాడిన 'ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యు' కూడా విడుదలైనప్పుడు సింగిల్ కాకపోవడంతో హాట్ 100కు అర్హత పొందలేదు. నిబంధనలు మారి, స్ట్రీమింగ్ వచ్చి, ప్రతి డిసెంబరులో జనం దాన్ని మళ్లీ మళ్లీ వింటూ ఉండగా చివరికి 2019 డిసెంబరులో మొదటి స్థానానికి చేరింది. కేరీకి అది 19వ నంబర్ వన్. బీటిల్స్‌వి 20. ఈ రెండు అంకెల మధ్య తేడా ఒకటే అయినా అవి వచ్చిన పరిస్థితుల్లో పోలిక వెతకడం కష్టం.

ఆల్బమ్ చార్టుకూ ఇలాంటి గోడ ఒకటి ఉండేది. పాత ఆల్బమ్‌లను బిల్‌బోర్డ్ 200లో చేర్చకుండా వేరే జాబితాలో ఉంచేవారు. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ మరణించాక ఆయన పాత సంకలనం 'నంబర్ వన్స్' ఆ వారం దేశంలో మరే ఆల్బమ్ కన్నా ఎక్కువగా అమ్ముడైంది. అయినా ప్రధాన చార్టులో అగ్రస్థానం వేరే ఆల్బమ్‌కు వెళ్లింది. అదే ఏడాది డిసెంబరులో ఆ నిబంధన తొలగించారు. ఆరు నెలలు ముందే తొలగించి ఉంటే జాక్సన్ ఖాతాలో మరో నంబర్ వన్ ఆల్బమ్ ఉండేది.

1991: ఫోన్ల నుంచి బార్‌కోడ్‌కు

చార్టుల చరిత్రను రెండుగా చీల్చిన సంవత్సరం 1991. అంతకుముందు బిల్‌బోర్డ్ సిబ్బంది దుకాణాలకు ఫోన్ చేసి ఏవి బాగా అమ్ముడవుతున్నాయో అడిగేవారు. దుకాణాలు ఎక్కువగా ర్యాంకుల క్రమమే చెప్పేవి, అమ్మకాల సంఖ్య కాదు. కంపెనీల ప్రోత్సాహకాలు, గుమాస్తా సొంత అభిరుచి, మర్చిపోవడం, అన్నీ ఆ జవాబులో కలిసేవి. ఆ ఏడాది మే నెలలో ఆల్బమ్ చార్టు, నవంబరులో హాట్ 100 సౌండ్‌స్కాన్ అనే వ్యవస్థకు మారాయి. దుకాణంలో బార్‌కోడ్ స్కాన్ అయిన ప్రతి అమ్మకమూ లెక్కకు వచ్చింది.

ఫలితం చాలామందికి మింగుడు పడలేదు. అప్పటిదాకా చార్టుల్లో తక్కువగా కనిపించిన కంట్రీ (అమెరికా గ్రామీణ మూలాలున్న) సంగీతం, హిప్‌హాప్ ఒక్కసారిగా పైకి వచ్చాయి. జూన్‌లో ఎన్.డబ్ల్యు.ఎ. బృందం ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. సెప్టెంబరులో గార్త్ బ్రూక్స్ ఆల్బమ్ 'రోపిన్ ద విండ్' నేరుగా మొదటి స్థానంలోనే అడుగుపెట్టింది. కంట్రీ ఆల్బమ్‌కు అలా జరగడం అదే మొదటిసారి. ఆ సంగీతాన్ని కొనేవారు రాత్రికి రాత్రి పుట్టుకొచ్చారని ఎవరూ నమ్మలేరు. అంతకు ముందు వారు లెక్కకు అందలేదు, అంతే.

ఇంకో మార్పు అంతగా గుర్తింపు పొందలేదు. పాత పద్ధతిలో ఆల్బమ్ అడుగున మొదలై మెల్లగా ఎక్కేది. 1991 ముందు బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టు చరిత్ర మొత్తంలో నేరుగా మొదటి స్థానంలో ప్రవేశించినవి ఆరే ఆరు. వాటిలో మొదటిది 1975లో వచ్చిన ఎల్టన్ జాన్ ఆల్బమ్. ఇప్పుడు నంబర్ వన్ ఆల్బమ్‌లలో ఎక్కువ భాగం మొదటి వారంలోనే ఆ స్థానం అందుకుంటాయి, రెండో వారానికి దిగిపోతాయి. 'నేరుగా నంబర్ వన్‌లో ప్రవేశించిన ఆల్బమ్‌లు' అనే లెక్కలో ఈ తరం గాయకులు బీటిల్స్‌ను మించిపోవడంలో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు.

ప్లాటినం వెనుక ఏముంది

అభిమానుల వాదనల్లో చార్టుల తర్వాత ఎక్కువగా వినిపించేది ప్లాటినం లెక్క. అమెరికాలో వీటిని ఇచ్చేది రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఆర్ఐఏఏ. గోల్డ్ 1958లో, ప్లాటినం 1976లో, కోటి యూనిట్లకు ఇచ్చే డైమండ్ 1999లో మొదలయ్యాయి. ప్రస్తుతం 5 లక్షల యూనిట్లకు గోల్డ్, 10 లక్షలకు ప్లాటినం. సింగిల్స్ విషయంలో 1989 దాకా గోల్డ్ కావాలంటే 10 లక్షలు, ప్లాటినం కావాలంటే 20 లక్షలు అమ్మాల్సి వచ్చేది. 1980 నాటి గోల్డ్ సింగిల్, 1990 నాటి ప్లాటినం సింగిల్ ఒకే సంఖ్యకు రెండు పేర్లు.

భౌతిక ప్రతుల విషయంలో ఈ ధ్రువీకరణ కొలిచేది కంపెనీ దుకాణాలకు పంపిన సరుకును. జనం కొన్నది ఎంత అన్నది తర్వాతి మాట. 1978లో కిస్ బృందంలోని నలుగురు సభ్యులూ తలా ఒక సొంత ఆల్బమ్ విడుదల చేశారు. ఒక్కొక్కటి పది లక్షల ప్రతులు పంపడంతో నాలుగింటికీ రెండు వారాల్లోనే ప్లాటినం వచ్చింది. తర్వాత అమ్ముడుపోని ప్రతులు గుట్టలుగా తగ్గింపు ధరల బుట్టల్లోకి చేరాయి.

ధ్రువపత్రం దానంతట అది రాదు. కంపెనీ దరఖాస్తు చేయాలి, తనిఖీకి రుసుము కట్టాలి. ఎవరూ అడగకపోతే అమ్మకాలు పెరుగుతున్నా అంకె ఏళ్ల తరబడి కదలదు. 2018 ఆగస్టులో ఈగల్స్ బృందం 1971–75 పాటల సంకలనం 29 నుంచి ఒక్కసారిగా 38 రెట్ల ప్లాటినానికి ఎగబాకి, 33 దగ్గర ఉన్న 'థ్రిల్లర్'ను వెనక్కి నెట్టింది. ఆ నెలలో ఎవరూ తొంభై లక్షల ప్రతులు కొనలేదు. 2006 తర్వాత మొదటిసారి కొత్త లెక్క అడిగారు. డౌన్‌లోడ్లు, స్ట్రీమింగ్ కూడా అందులో కలిశాయి.

జంట ఆల్బమ్‌ల లెక్క మరీ వింతైనది. నిడివి వంద నిమిషాలు దాటితే ఒక్కో డిస్కునూ విడి యూనిట్‌గా లెక్కిస్తారు. పాత వినైల్ జంట ఆల్బమ్‌లకూ ఈ వెసులుబాటు ఉంది. బీటిల్స్ 1968 జంట ఆల్బమ్‌కు 24 రెట్ల ప్లాటినం ఉందంటే 1.2 కోట్ల సెట్లు అని అర్థం. పింక్ ఫ్లాయిడ్ 'ది వాల్'దీ అదే కథ. ఈ పట్టికలను చూసి వాదించేవారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

చార్టు సంస్థకూ ధ్రువీకరణ సంస్థకూ పొసగని సందర్భం 2013లో వచ్చింది. రాపర్ జే-జీ కొత్త ఆల్బమ్ పది లక్షల ప్రతులను శామ్‌సంగ్ ముందే కొని తన ఫోన్లు వాడేవారికి ఉచితంగా పంచింది. ఉచితంగా ఇచ్చినదాన్ని అమ్మకంగా చూడలేమంటూ బిల్‌బోర్డ్ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆర్ఐఏఏ మాత్రం తన నిబంధన సవరించి ప్లాటినం ఇచ్చింది. అమ్మకం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఒకే దేశంలో, ఒకే వారంలో రెండు అధికారిక జవాబులు వచ్చాయి.

దేశం మారితే ప్రమాణమూ మారుతుంది. బ్రిటన్‌లో 3 లక్షల ఆల్బమ్‌లకు, జపాన్‌లో 2.5 లక్షలకు ప్లాటినం వస్తుంది. 'ఇన్ని దేశాల్లో కలిపి ఇన్ని ప్లాటినంలు' అన్న ప్రచార వాక్యంలో కూడిక చేసినవి ఒకే జాతి వస్తువులు కావు. బ్రిటన్‌లో 2013 నుంచి అధికారిక అమ్మకాల సమాచారం ఆధారంగా ధ్రువీకరణ దానంతట అదే జరుగుతోంది. కంపెనీ అడిగిందా లేదా అన్న తేడా అక్కడ ఇక లేదు.

ప్రపంచ అమ్మకాలు: కాకిలెక్కల రాజ్యం

ఇన్ని లోపాలున్నా ధ్రువపత్రాల వెనుక ఒక తనిఖీ ఉంటుంది. 'ప్రపంచవ్యాప్తంగా ఇన్ని కోట్ల రికార్డులు' అన్న వాక్యం వెనుక సాధారణంగా అదీ ఉండదు. మైకేల్ జాక్సన్ 75 కోట్ల రికార్డులు అమ్మారన్న మాట 2006 నుంచి విస్తృతంగా ప్రచారంలో ఉంది. బీటిల్స్‌కు 60 కోట్లని కొందరు, 100 కోట్లని కొందరు అంటారు. దేశదేశాల ధ్రువీకరణలను కూడితే ఇద్దరికీ వచ్చే మొత్తం ఆ ప్రచార అంకెలకన్నా చాలా తక్కువ. ఒక్క 'థ్రిల్లర్' ప్రపంచ అమ్మకాల మీదే ఆరున్నర కోట్ల నుంచి పది కోట్ల పైదాకా అంచనాలున్నాయి.

గోరంత కొండంత కావడానికి దారులు చాలా ఉన్నాయి. 'రికార్డు' అనే మాటలో ఆల్బమూ ఒకటే, రెండు పాటల సింగిలూ ఒకటే. దుకాణాలకు పంపినవి అమ్మినవిగా చెలామణి అవుతాయి. ప్రచార విభాగం గుండు సున్నాలతో ఒక అంకె ఇస్తుంది, పత్రిక దాన్ని అచ్చు వేస్తుంది, పదేళ్ల తర్వాత ఆ పత్రికనే ఆధారంగా చూపి మరింత పెద్ద అంకె వస్తుంది. ఈ అంకెలు పెరగడమే తప్ప తగ్గిన దాఖలా కనపడదు. కళాకారులు మరణించినప్పుడు, కొత్త కచేరీల యాత్ర ప్రకటించినప్పుడు పెరుగుదల మరీ ఎక్కువ.

అయితే ధ్రువీకరణల మొత్తమే అసలు అమ్మకమని అనుకోవడమూ తప్పే. 1960లలో, 70లలో చాలా దేశాల్లో ధ్రువీకరణ వ్యవస్థే లేదు. బ్రిటన్‌లోనే అది 1973లో మొదలైంది. ఆసియా, ఆఫ్రికా, తూర్పు యూరప్‌లలో కోట్లాది మంది ఈ పాటలు విన్నది అనధికార క్యాసెట్లలో. అవి ఏ లెక్కకూ ఎక్కలేదు. కాబట్టి 1973కు ముందు తరం కళాకారులకు ధ్రువీకరణ లెక్క అన్యాయం చేస్తుంది, ప్రచార లెక్క అతిగా న్యాయం చేస్తుంది. అసలు సంఖ్య ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

స్ట్రీమింగ్ మారకపు రేటు

పాత రోజుల్లో ఒకరు రికార్డు కొని వెయ్యిసార్లు విన్నా, ఒక్కసారి విని అటకెక్కించినా లెక్కలో అది ఒకటే. ఇప్పుడు విన్న ప్రతిసారీ లెక్కకు వస్తుంది. కొనడం, వినడం అనే రెండు వేర్వేరు పనులను ఒకే పట్టికలో చేర్చాలంటే మధ్యలో ఒక మారకపు రేటు కావాలి. ఆ రేటును ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఈ చర్చ మొత్తానికి కీలకం అక్కడుంది.

2014 డిసెంబరులో బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టు 1,500 స్ట్రీమ్‌లను ఒక ఆల్బమ్‌గా, విడిగా డౌన్‌లోడ్ చేసిన 10 పాటలను మరో ఆల్బమ్‌గా లెక్కించడం మొదలుపెట్టింది. 2018 జూలైలో చందా కట్టి విన్నవారికి 1,250, ప్రకటనలతో ఉచితంగా విన్నవారికి 3,750గా దాన్ని విడదీసింది. బ్రిటన్ సింగిల్స్ చార్టులో 2018 జూలై నుంచి చందాదారుల స్ట్రీమ్‌లు 100, ఉచితమైనవి 600 కలిస్తే ఒక అమ్మకం. ఆర్ఐఏఏ సింగిల్స్‌కు 150 స్ట్రీమ్‌లను ఒక యూనిట్ అంటుంది. వీటిలో ఏదీ ప్రకృతి నియమం కాదు. వినడం వల్ల వచ్చే ఆదాయాన్ని దృష్టిలో పెట్టుకుని పరిశ్రమ కుదుర్చుకున్న బేరాలు ఇవి. రేటు మారిన మరుసటి వారం శ్రోతల ఇష్టాయిష్టాలు మారకపోయినా స్థానాలు మారవచ్చు.

రేటుతో పాటు ఆల్బమ్ నిడివి కూడా పనిచేస్తుంది. పది పాటల ఆల్బమ్‌ను ఒకరు మొదటి నుంచి చివరి దాకా వింటే పది స్ట్రీమ్‌లు, ముప్పై పాటల ఆల్బమ్‌ను వింటే ముప్పై. శ్రోత ఒకరే అయినా చార్టులో బరువు మూడింతలు. 2024లో స్విఫ్ట్ ఆల్బమ్ 'ది టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్' విస్తరించిన రూపంలో 31 పాటలతో వచ్చింది. ఆ వారం హాట్ 100లో మొదటి 14 స్థానాలూ ఆమెవే. 2022లో మొదటి పదీ ఆమెవే అయ్యాయి. 2021 సెప్టెంబరులో రాపర్ డ్రేక్ మొదటి పదిలో తొమ్మిది తీసుకున్నాడు.

వీటిని తరచుగా 1964 ఏప్రిల్ 4తో పోలుస్తారు. ఆ రోజు నాటి హాట్ 100లో మొదటి అయిదు పాటలూ బీటిల్స్‌వి. అయిదు కన్నా పద్నాలుగు పెద్దది కదా అన్న వాదన ఇక్కడ నిలవదు. 1964లో ఆ అయిదూ అయిదు వేర్వేరు సింగిల్స్. ఒక్కోదానికీ శ్రోత విడిగా డబ్బు పెట్టాలి. మరోవైపు, బీటిల్స్‌కు కలిసొచ్చిన అంశం కూడా ఒకటుంది. క్యాపిటల్ రికార్డు సంస్థ మొదట్లో ఈ బృందాన్ని కాదనడంతో తొలి పాటల హక్కులు అమెరికాలో చిన్న సంస్థల చేతికి వెళ్లాయి. బృందం పేరు మోగిపోయాక క్యాపిటల్, వీ-జే, స్వాన్, టోలీ అనే నాలుగు లేబుళ్లు ఒకేసారి సింగిల్స్ అమ్మాయి. ఒకే సంస్థ చేతిలో ఉంటే నెలల తేడాతో వచ్చి ఉండేవి. ఆ అపూర్వ ఘట్టం వెనుక జనాదరణతో పాటు ఒక వ్యాపార గందరగోళం కూడా ఉంది.

నిబంధన ఎంత పని చేస్తుందో బ్రిటన్ చూపించింది. 2017 మార్చిలో ఎడ్ షీరన్ కొత్త ఆల్బమ్ రాగానే అక్కడి సింగిల్స్ చార్టు మొదటి పదిలో తొమ్మిది, మొదటి ఇరవైలో పదహారు ఆయన పాటలే అయ్యాయి. కొన్ని నెలల్లోనే అక్కడ ఒక ప్రధాన కళాకారుడికి చార్టులో మూడు పాటలకు మించి చోటు లేకుండా నిబంధన వచ్చింది. అమెరికాలో అలాంటి పరిమితి లేదు. స్విఫ్ట్ పద్నాలుగు స్థానాల ఘనత బ్రిటన్‌లో సాధ్యం కాదు. అక్కడ ఆమెను వినేవారు తక్కువ కావడం అందుకు కారణం కాదు.

పాత బృందాలు ఈ పోటీలోకి ఆలస్యంగా వచ్చాయి. బీటిల్స్ పాటలు స్ట్రీమింగ్ వేదికల్లోకి వచ్చింది 2015 డిసెంబరు 24న.

సరిహద్దు దాటితే

పేరొందిన బృందం అంటే అన్నిచోట్లా ఒకే స్థాయిలో పేరొందినదని కాదు. బ్రిటన్‌లో తొమ్మిది నంబర్ వన్ సింగిల్స్ ఉన్న ఆబా బృందానికి అమెరికాలో ఉన్నది ఒక్కటే, 1977లో 'డాన్సింగ్ క్వీన్'. రాబీ విలియమ్స్ 2025 జనవరిలో బ్రిటన్ నంబర్ వన్ ఆల్బమ్‌ల సంఖ్యలో బీటిల్స్‌ను (15) అందుకున్నాడు. అమెరికాలో ఆయన ఆల్బమ్ ఒక్కటీ మొదటి పదిలోకి రాలేదు. దీనికి తిరగేసిన ఉదాహరణ గార్త్ బ్రూక్స్. అమెరికాలో ధ్రువీకరించిన ఆల్బమ్ యూనిట్లలో బీటిల్స్ తర్వాతి స్థానం ఆయనదే, పదిహేను కోట్లకు పైగా. అమెరికా, కెనడా, ఐర్లాండ్‌ల బయట ఆయన పేరు తెలిసినవారు అంతగా ఉండరు.

కొరియా, జపాన్‌లలో భౌతిక ప్రతుల అమ్మకానికి వేరే తర్కం ఉంది. సీడీలో యాదృచ్ఛికంగా పెట్టే ఫోటో కార్డులు, కళాకారులను కలిసే అవకాశానికి లాటరీ వంటి వాటి కోసం అభిమానులు ఒకే ఆల్బమ్ డజన్ల కొద్దీ కొంటారు. జపాన్‌లో ఏకేబీ48 బృందం కరచాలనం టికెట్లు, ఓటు హక్కులు సీడీలతో కలిపి అమ్మింది. కొరియా బృందం సెవెన్‌టీన్ ఆల్బమ్ 'ఎఫ్ఎంఎల్' 2023లో 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. మిగతా ప్రపంచం సీడీలు కొనడం దాదాపు మానేసిన కాలంలో ఇది చిన్న సంఖ్య కాదు. అయితే దీన్ని దాచుకునే వస్తువులేమీ పెద్దగా జత చేయకుండా అమ్ముడైన అడెల్ '25' పక్కన నేరుగా పెట్టలేం. అమెరికాలో కచేరీ టికెట్‌తో, చొక్కాతో ఆల్బమ్ కలిపి అమ్మే పద్ధతి చార్టులను వంచుతోందని గ్రహించి 2020లో బిల్‌బోర్డ్ అలాంటి అమ్మకాలను లెక్క నుంచి తీసేసింది. ఆల్బమ్‌లోనే పది ముఖచిత్రాలు పెట్టడాన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.

నిలబడే పోలికలు

పోలికే అసాధ్యమని దీని అర్థం కాదు. ఒకే దేశం, ఒకే కాలం, ఒకే యూనిట్ అయితే పోలిక గట్టిగానే నిలుస్తుంది. 1964లో అమెరికాలో బీటిల్స్‌కు సమీపంలో ఎవరూ లేరు. ఏ కొలత తీసుకున్నా ఆ మాట మారదు. 1983లో జాక్సన్‌కూ అంతే. 2020ల్లో ఆల్బమ్‌ల విషయంలో స్విఫ్ట్‌ది అదే స్థితి: రికార్డింగ్ పరిశ్రమ అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌పీఐ ఏటా ప్రకటించే ప్రపంచ అగ్రశ్రేణి కళాకారుల జాబితాలో 2022, 2023, 2024లలో వరుసగా ఆమెదే మొదటి స్థానం. 2020, 2021లలో ఆ స్థానం కొరియా బృందం బీటీఎస్‌ది. తమ తమ కాలంలో మిగతావారికన్నా ఎంత ముందున్నారన్నది చూస్తే కాలాలు దాటిన పోలికకు కూడా కొంత అర్థం ఉంటుంది. నంబర్ వన్‌ల సంఖ్యలో 20కీ 19కీ తేడా వెతకడం కన్నా అది మేలు.

మన్నిక అనే కొలత ఇంకొకటి. బ్రిటన్‌లో అన్ని కాలాలకూ అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్ 1981లో వచ్చిన క్వీన్ 'గ్రేటెస్ట్ హిట్స్'. 2022లో అది 70 లక్షలు దాటింది. 'ఆబా గోల్డ్' 2021లో బ్రిటన్ చార్టులో వెయ్యి వారాలు పూర్తిచేసిన మొదటి ఆల్బమ్ అయింది. ఒక్క వారం రికార్డులను అభిమానులు కూడబలుక్కుని సాధించగలరు. నలభై ఏళ్ల అమ్మకాలను ఎవరూ కూడబలుక్కుని సాధించలేరు.

ఇక ముందు లెక్కలు మరింత చిక్కుపడేలా ఉన్నాయి. 2026 జనవరి నుంచి బిల్‌బోర్డ్ మారకపు రేటును మళ్లీ మార్చింది: చందాదారుల స్ట్రీమ్‌లు 1,000కి, ఉచితమైనవి 2,500కి ఒక ఆల్బమ్. ఉచిత వీక్షణకూ చందా వీక్షణకూ సమాన విలువ ఇవ్వాలని కోరుతూ వచ్చిన యూట్యూబ్ ఈ మార్పుతో తృప్తి చెందక, 2013 నుంచి హాట్ 100కు అందుతున్న తన సమాచారాన్ని అదే నెలలో ఆపేసింది. ఒకవైపు ప్రతి స్ట్రీమ్ విలువ పెరిగింది, మరోవైపు ప్రపంచంలో అతి పెద్ద సంగీత వీక్షణ వేదిక లెక్క నుంచి తప్పుకుంది. వీడియోల ద్వారా ఎక్కువగా జనంలోకి వెళ్లే లాటిన్, కొరియన్ కళాకారులకు రెండో మార్పు నష్టం చేసే అవకాశం ఉంది. చందాదారులు ఎక్కువగా వినే అమెరికన్ పాప్‌కు మొదటిది లాభం. 2025లో ఒక పాట పొందిన స్థానాన్ని 2026లో మరో పాట పొందిన స్థానంతో పోల్చేటప్పుడు కూడా ఇక జనవరికి ముందా, తర్వాతా అని అడగవలసి ఉంటుంది.